నలభై రెండో పోటీ

మా హైస్కూలు డ్రిల్లు మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. కంటికి ఆనిన ప్రతి పనికీ పోటీ పెట్టడం. పరుగుపందెం, వాలీబాల్, లాంగ్‌జంప్ అందరూ పెడతారు. ఈయన గోడ మీద రెండు చీమలు పక్కపక్కన పాకుతున్నా జేబులో విజిల్ తడుముకునే రకం.

పదకొండేళ్ళు ఒకే స్టాఫ్ రూములో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్న లెక్కల మాస్టార్ని కాబట్టి నా మాట నమ్మవచ్చు. పదమూడో ఎక్కం ఒకే గుక్కలో చెప్పే పోటీ, ఒంటిచేత్తో షూ లేసు కట్టే పోటీ, చొక్కా మీద సుద్దపొడి పడకుండా బోర్డు తుడిచే పోటీ, ఇవన్నీ మా బళ్ళో ఏటా జరిగేవే. గాజుగొట్టాలు కడిగే పోటీ పెట్టిన ఏడు సైన్స్ మేడమ్ రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

"మూడే కదమ్మా పగిలాయి!" అని ఈయన వాదన.

"ఉన్నవే నాలుగండీ!" అని ఆవిడ ఏడుపు.

గెలిచినవాళ్ళకి సర్టిఫికెట్లు ఆయనే స్వయంగా, పాత ప్రశ్నపత్రాల వెనక వైపు రాసి ఇచ్చేవారు. పిల్లల ఇళ్ళలో ఫ్రేము కట్టి వేలాడదీసిన ప్రశంసాపత్రాన్ని తిప్పి చూస్తే నా త్రికోణమితి పేపరు కనిపిస్తుంది. దానికి అంతకంటే గౌరవం ఇంకెక్కడా దక్కదని సైన్స్ మేడమ్ అభిప్రాయం.

ఇంట్లో మాత్రం ఆయన ఆటలు సాగలేదు. ఆ సంగతి వాళ్ళావిడే చెప్పారు.

"ఉల్లిపాయలు తరిగే పోటీ పెడదామన్నారు. సరేనని కావాలనే ఓడిపోయాను. చిన్నపిల్లాడిలా గంతులేశారు. ఛాంపియన్ ఇంట్లో ఉండగా నేను తరిగితే ఏం బాగుంటుందండీ అన్నాను. నాలుగేళ్ళయింది, నేను మళ్ళీ ఉల్లిపాయ తరిగితే ఒట్టు!"

ఇలా ఉండగా మాకు కొత్త పెద్ద మేడమ్ వచ్చారు. గంట కొట్టక ముందే వరండాలో నిలబడే మనిషి. ఆటల దినోత్సవం జాబితా ఆవిడ బల్ల మీదికి వెళ్ళింది. మొత్తం నలభై రెండు పోటీలు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"చప్పుడు కాకుండా తలుపు వేసే పోటీ ఏమిటండీ?"

"తలుపు చప్పుడు కాకుండా వెయ్యాలి మేడమ్."

"అది అర్థమైంది. ఎందుకూ అని."

"మంచి అలవాటు కదా మేడమ్."

ఆవిడ ఆ కాగితం నా చేతిలో పెట్టారు. "పది ఉంచి మిగతావి కొట్టేయండి మాస్టారూ."

తీసివేత నాకు కొత్తా? ఎర్రకలం పట్టుకుని స్టాఫ్ రూములో అడ్డంగా గీతలు పెట్టుకుంటూ పోయాను. చివరిదైన తలుపు పోటీ దగ్గరికి రాగానే డ్రిల్లు మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ముప్ఫై ఒకటి కొట్టేశారు, నోరెత్తానా? దీన్నొక్కదాన్నీ వదిలెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

నేను వినకపోయేసరికి ఆయన తన నోట్‌బుక్ తెరిచి చూపించారు. నలభై రెండు పోటీలు, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో విద్యార్థి పేరు. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం అన్యాయమండీ! ఎవరు గెలవాలో మీరే ముందు తేల్చేశారా?"

"గెలుస్తారని రాయలేదండీ. వీళ్ళు బళ్ళో చేరినప్పట్నుంచీ ఒక్కసారి కూడా మైకులో పేరు వినబడనివాళ్ళు. ఎవరికేది చేతనవునో కనిపెట్టి దానికి పోటీ పెడతాను. గెలుస్తారో ఓడతారో, అది వాళ్ళ చేతుల్లో ఉంది. మిగతావాళ్ళని వచ్చే ఏడు చూసుకుంటాను. ఈ పిల్లకి వచ్చే ఏడు లేదు."

నలభై రెండో పేరు చూశాను. పదో తరగతి, బి సెక్షను. నా తరగతే. ఎంత తన్నుకున్నా మొహం గుర్తుకు రాలేదు. హాజరు పిలవడం టైము దండగని, పీరియడ్ చివర తలలు లెక్కపెట్టి వేసే అలవాటు నాది. లెక్క ఎప్పుడూ సరిపోయేది. పేరుతో పని పడలేదు.

"రోజూ తమ్ముణ్ణి చిన్నబళ్ళో దింపి పావుగంట ఆలస్యంగా వస్తుంది. మీరు బోర్డు మీద రాస్తూంటే వెనక తలుపులోంచి వచ్చి కూర్చుంటుంది. ఎప్పుడైనా చూశారా?"

"లేదు."

"మొన్న టీసీ కావాలని కాగితం రాసుకొచ్చింది. బట్టల షాపులో పనికి పోతుందట. పరీక్షలు మూడు నెలలు కూడా లేవు కదమ్మా అంటే, 'నేను మానేసినా ఎవరికీ తెలీదు సార్' అంది. ఏం చెప్పమంటారు? ఆటల రోజు దాకా ఆగమని బతిమాలి కాగితం నా దగ్గరే పెట్టుకున్నాను."

నాకు సిగ్గేసింది. చివరి గీత పెట్టలేదు. పది ఉండాల్సిన జాబితాలో పదకొండు ఉంచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తీసివేత తెలిసి తెలిసి తప్పు చేశాను.

ఆటల రోజు రానే వచ్చింది. మా తరగతి వెనక తలుపు వానకి ఉబ్బి, ముట్టుకుంటే కీచుమంటుంది. పెద్ద మేడమ్‌ని బోర్డు వైపు మొహం పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే తలుపు తీసి, లోపలికొచ్చి, వేసి, బెంచీ మీద కూర్చోవాలి. చప్పుడు వినబడితే ఆవిడ చెయ్యెత్తాలి. కిటికీల బయట ఆరువందలమంది పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బడి కట్టాక అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. అలవాటుకొద్దీ విజిల్ నోట్లో పెట్టుకున్న డ్రిల్లు మాస్టారు గబుక్కున తీసేసుకున్నారు.

పదకొండుమంది వచ్చారు. పదకొండుసార్లూ చెయ్యి లేచింది. వాలీబాల్ కెప్టెనమ్మాయి అంతా బాగానే చేసి, చివర్లో గడియ దగ్గర దొరికిపోయింది.

పన్నెండోసారి చెయ్యి లేవలేదు. ఒక నిమిషం గడిచింది. ఆవిడకి విసుగొచ్చింది.

"తర్వాతి వాళ్ళని పంపరేమండీ?"

"వచ్చి మీ వెనకే కూర్చుంది మేడమ్."

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. బక్కపల్చటి పిల్ల బెంచీ చివర ఒద్దికగా కూర్చుని ఉంది.

"ఎలా చేశావమ్మా?"

"కింద మూల నేలకి రాసుకుంటుంది మేడమ్. కాస్త పైకెత్తి పట్టుకోవాలి."

బయట చప్పట్లు మిన్నంటాయి. సాయంత్రం పెద్ద మేడమ్ మైకులో పేరు పిలిచారు. ఆ పిల్ల లేవలేదు, ఇంకెవరినో అనుకుంది. రెండోసారి పిలిస్తే పక్కవాళ్ళు తోశారు. సర్టిఫికెట్‌తో పాటు టీసీ కాగితం కూడా డ్రిల్లు మాస్టారు ఆమె చేతికిచ్చేశారు. "ఇక నీ ఇష్టం తల్లీ," అన్నారు. ఆ పిల్ల రెండూ పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెద్ద మేడమ్ నన్ను పిలిచి, కొట్టేసిన ముప్ఫై ఒకటీ వచ్చే ఏటికి మళ్ళీ రాసిమ్మన్నారు.

సోమవారం నేను మొదటిసారి పేర్లు పెట్టి హాజరు పిలిచాను. ఆమె పేరుకి జవాబు లేదు. బోర్డు వైపు తిరిగి లెక్క మొదలుపెట్టాను గానీ, చెవులు మాత్రం వెనక తలుపు దగ్గరే ఉన్నాయి. పది నిమిషాలైంది. పావుగంట దాటింది. ఏడెనిమిదులు యాభై నాలుగని రాసేశాను. పిల్లలు నవ్వారు.

ధడాల్!

నా చేతిలో సుద్దముక్క కిందపడింది. తరగతంతా వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర ఆ పిల్ల, భుజాన సంచీతో, ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"వచ్చాను సార్!"

తలుపు మెల్లగా వెయ్యమ్మా అనబోయి మానుకున్నాను. హాజరు పుస్తకం తెరిచి, ఆమె పేరు మళ్ళీ పిలిచాను.