నాలుగో క్వార్టర్

అట్లాంటా ఎయిర్‌పోర్టులో గేటు దగ్గరి టీవీలో కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ వస్తోంది. నిరుటి చాంపియన్లు చిత్తుగా ఓడిపోతున్నారు. వాళ్ల జెర్సీలు వేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. అదే జెర్సీలో నా పక్కన కూర్చున్న తెలుగమ్మాయి మాత్రం, ఆఖరిదైన నాలుగో క్వార్టర్ మొదలవగానే లేచి నిలబడి నాలుగు వేళ్లు పైకెత్తింది.

"ఎందుకమ్మా అలా?" అన్నాను.

"ఫోర్త్ క్వార్టర్ మాది అని, ఆంటీ. స్టేడియంలో అందరం ఎత్తుతాం."

"ఓడిపోతున్నారుగా!"

"సో వాట్, ఆంటీ? గెలిచేటప్పుడు ఎవరైనా ఎత్తుతారు."

నా బోర్డింగ్ పిలిచేదాకా ఆమె చెయ్యి దించలేదు. ఆట ఏమైందో నేను కావాలనే వెతకలేదు.

నెలల తరబడి ఉద్యోగం లేని నేను మర్నాడు ఇంటర్వ్యూకి వెళ్తూ, లిఫ్టులో ఎవరూ లేరని చూసుకుని నాలుగు వేళ్లు ఎత్తాను. మధ్యలో తలుపు తెరుచుకుని ఎవరో ఎక్కారు.

చెయ్యి దించలేదు.