మచ్చా, బట్టమేకా

కర్నూలు వన్‌టౌన్‌లో గోనెసంచులు, తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే ఒక షాపు ఉండేది. పొద్దున ఎనిమిదికి దాని షట్టరు లేవడం ఎన్నడూ తప్పలేదు. ఆదివారం పల్లెల నుంచి రైతులు వస్తారు కాబట్టి ఆ రోజు ఇంకా ముందే లేచేది. పండగపూట కూడా సగం షట్టరు తెరిచి ఉండేది. ఏడాది మొత్తంలో ఆ షాపు పూర్తిగా మూతపడేది బంద్‌లకు మాత్రమే. బంద్ రోజు బస్సులు తిరగవు, జీపులు తిరగవు. అందువల్ల ఆ షాపులో కూర్చునే మనిషికి తీరిక దొరికిన రోజున కదిలే దారి ఉండేది కాదు.

ఆయన్ని మేమంతా శెట్టీ అనే పిలిచేవాళ్ళం. అప్పటికి యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే పరుపు మీద కూర్చున్నాడు. ఒక్కరోజు మూస్తే రైతు పక్క షాపుకు పోతాడనీ, పోయినవాడు మళ్ళీ రాడనీ వాళ్ళ నాన్న చెప్పిన మాట ఆయనకు అలాగే ఉండిపోయింది.

పెళ్ళికి ముందు ఒకసారి నందికొట్కూరు వైపు సరుకు లారీలో వెళ్తుంటే రోళ్ళపాడు దగ్గర టైరు పంచరైందట. దిగి రోడ్డు పక్కన నిలబడితే గడ్డిలోంచి ఒక బట్టమేక పిట్ట మెడ ఎత్తి చూసిందట.

"మేకపిల్లంత ఉండాదప్పా. తెల్ల మెడ, నెత్తిన నల్ల టోపీ. నన్ను సూసి లెక్కే సేయలే. దాని పాటికి అది నడుసుకుంటా పోయె."

ఆ పిట్టను ఒక్క ఫోటో తీయాలి. శెట్టి కెమెరా కొన్నది అందుకే. పెళ్ళిళ్ళు, పిల్లలు, కొండారెడ్డి బురుజు, ఇవేవీ ఆయనకు పట్టేవి కావు. బట్టమేకలు ఏటేటా తగ్గిపోతున్నాయని మా పేపర్లోనే వార్తలు వచ్చేవి. అవి నేనే దిద్దేవాణ్ణి. శెట్టి వాటిని కత్తిరించి గోనెసంచుల బిల్లుబుక్కులో దాచుకునేవాడు.

ఇది రెండువేల ఐదు, ఆరు సంవత్సరాల నాటి మాట. నేను ఒక దినపత్రిక కర్నూలు ఎడిషన్‌లో డెస్కు మీద పనిచేసేవాణ్ణి. డ్యూటీ సాయంత్రం నాలుగింటికి. అంతకు ముందు రెండు గంటలు శెట్టి షాపులో టార్పాలిన్ కట్టల మీద గడిచేవి. ఒక పళ్ళ డాక్టరు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరరు కూడా అక్కడికే వచ్చేవాళ్ళు. ఆ ముగ్గురి దగ్గరా డిజిటల్ కెమెరాలున్నాయి. నా దగ్గర లేదు. రేటు తగ్గాక కొందామని చూసేవాణ్ణి. తగ్గేలోపు ఇంకో మోడల్ వచ్చేది, మళ్ళీ దాని రేటు తగ్గాలని చూసేవాణ్ణి. అయినా ఆ గుంపులో నాకూ ఒక పని ఉండేది. ఇంటర్నెట్ సెంటర్లో కొత్త కెమెరాల రివ్యూలు ప్రింటు తీయించి తెచ్చి శెట్టికి తెలుగులో చదివి వినిపించేవాణ్ణి.

ఒకసారి నాయిస్ అన్న మాటను శబ్దం అని చదివాను.

"ఫోటోకి శబ్దమేందప్పా?" అన్నాడు శెట్టి.

చీకట్లో తీస్తే బొమ్మ నిండా చుక్కచుక్కగా వస్తుందే, అదీ అని లెక్చరరు వివరించాడు.

"అట్ల సెప్పు. ఇసుక."

ఆ రోజు నుంచి మా నలుగురికీ అది ఇసుకే. ఏ మోడల్ గురించి చదివినా శెట్టి రెండే అడిగేవాడు. ఇసుక ఎంత? ఎంత దూరం లాగుతాది? పిట్ట దగ్గరికి తాను పోలేడు కాబట్టి లెన్సే దాన్ని లాగాలి. షాపు ఎదురుగా ఒక నీళ్ళ ట్యాంకు ఉండేది. దాని మీద వాలే పావురాల కంటి చుట్టూ ఉన్న వలయం కనపడితే ఆ లెన్సు పాసైనట్టు. ఆయన దగ్గరున్న పెద్ద లెన్సుతో వలయం కనపడీ కనపడనట్టుండేది. "ఇంకొంచెం లాగాలప్పా" అనేవాడు. ఆ పరుపు మీద కూర్చుని ఎన్ని వందల పావురాలను తీశాడో. తలుపు చట్రంలోంచి కనిపించే ట్యాంకు, లాడ్జి బోర్డు, మూటలు మోసే హమాలీల వీపులు. ఆయన కెమెరా కార్డులో ఇవి తప్ప మరేం ఉండేవి కావు.

డాక్టరుది ఒక కంపెనీ. లెక్చరరుదీ శెట్టిదీ ఇంకో కంపెనీ. ఒకరి లెన్సు ఇంకొకరి కెమెరాకు పట్టదు. మా జిల్లాలో వర్గం అన్న మాట సరదాకు వాడేది కాదు కాబట్టి డాక్టరుదాన్ని పై ఇల్లు, మిగతా ఇద్దరిదాన్ని కింది ఇల్లు అనేవాళ్ళం.

"మా ఇంట్లోకి వచ్చెయ్ శెట్టీ. మా లెన్సులు శానా దూరం లాగుతాయి" అనేవాడు డాక్టరు.

"ఉన్న లెన్సులు ఏం జేసుకోవాల?"

"అమ్మెయ్."

"ఈ ఊర్లో కొనేటోడు యాడున్నాడు? నువ్వు కొంటావా?"

"నాకు పట్టవు గదప్పా."

"మళ్ళ ఇంకేంది? మూసుకో."

ఇంతలో లెక్చరరు, తమ ఇంట్లోనే ఇంకో ఆరు నెలల్లో కొత్తది వస్తుందని, తొందరపడొద్దని చెప్పేవాడు. ఆరు నెలలయ్యాక కూడా అదే చెప్పేవాడు. ఇలా రెండు వానాకాలాలు గడిచాయి. ఆ లెన్సు చాలదు. ఆ ఇంట్లోకి పోలేడు. ఈ ఇంట్లో వచ్చేది వచ్చేదాకా ఆగాలి. ఈలోపు పిట్ట ఉంటుందో లేదో తెలియదు. నేను ప్రింట్లు తెస్తూనే ఉన్నాను.

చివరికి ఒక బంద్ ప్రకటించారు. దేని గురించో నాకిప్పుడు గుర్తు లేదు. ఆ మధ్యాహ్నం శెట్టి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"బంద్‌కి నీ బండి తిరుగుతాది గదా?"

నా మోటారుసైకిలు ముందు ప్రెస్ అని రాసి ఉండేది. ఆ ఒక్క మాట రెండేళ్ళుగా మాలో ఎవరికీ తట్టలేదు.

"లెన్సు చాలదంటివే" అన్నాను.

"ఉన్నంతే లాగుదాం. ఇంగ ఆగలేనప్పా."

బంద్ నా వారపు సెలవు రోజున పడింది. ఆ పొద్దున ఊరి చివర టైరు కాలుతోంది. నలుగురైదుగురు బండికి అడ్డం వచ్చారు.

"యాడికప్పా?"

"ప్రెస్."

"అది కనపడతాంది. ఎనకాల శెట్టి గూడా ప్రెస్సేనా?"

"ఫోటోగ్రాఫరు" అన్నాను.

"మొన్న నాకు తాళ్ళు అమ్మె గదప్పా ఈ ఫోటోగ్రాఫరు!"

అందరూ నవ్వారు. శెట్టి సంచిలోంచి కెమెరా తీశాడు. దానికి చిన్న లెన్సు తగిలించి ఉంది. వాళ్ళు చొక్కాలు సర్దుకుని కాలే టైరు వెనక వరసగా నిలబడ్డారు. రెండు ఫోటోలు తీశాడు. దారి ఇచ్చారు. "రేప్పొద్దున పేపర్లో పడాల!" అని వెనక నుంచి అరిచారు. శెట్టి కెమెరాలో నేను మొదటిసారి చూసిన మనుషుల ముఖాలు అవే.

రోళ్ళపాడు చేరేసరికి ఎండ ముదిరింది. ఆ ఏడు వానలు సరిగా లేక గడ్డి అప్పటికే పసుపు తిరిగింది. గాలి దుమారంగా ఉంది. అటవీశాఖ వాచరు ఒకాయన, తలకు తువ్వాలు చుట్టుకుని, మమ్మల్ని కంచె వెంబడి నడిపించాడు. గంటన్నర నడిచాం. ఒకచోట ఆయన ఆగి చెయ్యి ముందుకు చాచాడు.

"అదో. ఆ దిన్నె కాడ. కదలాకండి."

నాకు గడ్డి మీద సెగ తప్ప ఏమీ కనపడలేదు. శెట్టి గబగబా చిన్న లెన్సు తీసి పెద్దది బిగించాడు. ఆ గాలిలో, నిలబడే. లెన్సు లోపలి కన్నాన్ని బాగా మూసి తీస్తేనే బొమ్మ పదునుగా వస్తుందని లెక్చరరు ఎప్పుడూ చెప్పేవాడు. అలాగే దాని అంకెను పదహారుకు తిప్పాడు. వాచరు చూపిన వైపు గురిపెట్టి ఒకటి నొక్కాడు.

నొక్కి, తల దించి తెర చూశాడు.

మేం నలుగురం రెండేళ్ళుగా చేసిన పని అదే. ఒకటి తీయడం, దాన్ని తెర మీద పెద్దది చేసి తప్పులు వెతకడం. శెట్టి చేతికి ఇంకో అలవాటు లేదు.

"మచ్చలు పడినాయప్పా" అన్నాడు. "మూడుండాయి. దుమ్ము పోయింది లోపలికి. అన్ని ఫోటోలూ పాడైతాయి ఇంగ."

లెన్సు ఊడదీశాడు. మందుల షాపులో దొరికే రబ్బరు బంతి ఒకటి డాక్టరు ఇచ్చి ఉన్నాడు, గాలి ఊదడానికి. దుమ్ము మళ్ళీ పడకుండా నా తుండుగుడ్డ కప్పమన్నాడు. ఇద్దరం దాని కింద తలలు దూర్చి నేల మీద చతికిలబడ్డాం. లోపల చెమట వాసన, వేడి. శెట్టి కెమెరా లోపలి అద్దం పైకి లేపి, దాన్ని బోర్లించి, బంతి నొక్కుతున్నాడు. బయటి నుంచి వాచరు గొంతు వినిపిస్తోంది.

"సార్, తల ఎత్తినాది."

"ఒక్క నిమిషమప్పా" అన్నాడు శెట్టి.

"సార్, ఇటే సూస్తాంది."

"అయిపాయ, అయిపాయ."

"సార్, నడుస్తాంది... దిన్నె ఎనక్కి పోతాంది... పోయె."

తుండుగుడ్డ తీశాం. గడ్డి ఉంది. సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆ పిట్ట మళ్ళీ రాలేదు. శెట్టి కెమెరా ఇప్పుడు అద్దంలా శుభ్రంగా ఉంది.

తిరుగుదారిలో ఆయన ఒక్కమాటే అన్నాడు. "ఆ మూడిట్లో ఒకటి పిట్ట అయ్యుంటాది గదా?"

మర్నాడు డాక్టరు క్లినిక్‌లో కంప్యూటరు మీద ఆ ఫోటో తెరిచాం. పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు బయట బెంచీ మీద ఉన్నారు. మూడు మచ్చల్లో ఒకటి పైన ఆకాశంలో ఉంది. అది దుమ్మే. మిగతా రెండూ గడ్డి అంచున, ఒకటి ఎడమ, ఒకటి కుడి. దుమ్మయితే ప్రతి ఫోటోలోనూ అదే చోట పడుతుంది కాబట్టి ఇంకో ఫోటోతో పోల్చితే తేలిపోయేది. కానీ లెన్సు మార్చాక, ఊదక ముందు తీసింది ఆ ఒక్కటే.

"ఎడమది పిట్ట. కింద నీడ సూడు" అన్నాడు డాక్టరు.

"అది నీడ గాదు, ఇసుక. కుడిది పిట్ట. ఎడమది గుండ్రంగా ఉండాది, మచ్చే" అన్నాడు లెక్చరరు.

"పిట్ట గుండ్రంగా ఉండదా? నీకు కాలేజీలో ఎవురు సెప్పినారు?"

"నీ కెమెరా ఆరు మెగాపిక్సెళ్ళే శెట్టీ. పది ఉండింటే కాళ్ళు కనపడేవి."

"మా ఇంట్లో కొత్తది వచ్చింది, దుమ్ము పడితే దానంతట అదే దులుపుకుంటాది. ముందే సెప్తి, వింటివా?" అన్నాడు డాక్టరు.

అక్కడి నుంచి మాట పిట్టను వదిలి కొత్త మోడళ్ళ మీదికి పోయింది. శెట్టి తెర వైపే చూస్తున్నాడు. కాసేపటికి డాక్టరు ఆయన వైపు తిరిగాడు.

"నువ్వు సూసినావు గదా, నువ్వే సెప్పు."

"సెగలో ఏదో ఊగినట్టుండె. నేను సరిగ్గ సూసింది తెరలోనే గదప్పా" అన్నాడు శెట్టి. తర్వాత నన్నడిగాడు. "పేపరోడివి. నువ్వు సెప్పు. యాడుండె?"

ఎడమదే అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఎడమదైనా, కుడిదైనా ఆయన నమ్మేవాడు. ఊరి చివర ఆయన్ని ఫోటోగ్రాఫరని చెప్పిన నోటితో ఆ మాట అనలేకపోయాను. నా తల కూడా తుండుగుడ్డ కింద ఉందని చెప్పాను. డెస్కు మీద ఎన్నో వార్తలకు, మనం చూడనిది రాయకూడదని ఎర్రసిరా గీతలు పెట్టినవాణ్ణి. అక్కడ ఆ నియమం ఎందుకు పాటించానో ఇప్పటికీ తెలియదు.

వారం తర్వాత శెట్టి ఆ ఫోటోను పెద్దసైజులో ప్రింటుకు ఇచ్చాడు. తేవడానికి నేనూ వెళ్ళాను. ల్యాబులో కంప్యూటరు ముందు కూర్చునే భాయ్ సంతోషంగా కవరు తెరిచి చూపించాడు.

"మూడు మచ్చలు పడుండె సాబ్. అన్నీ సాఫ్ జేసినా. మీకని ఫ్రీగా జేసినా."

ఆకాశం, గడ్డి. నూనె రాసినట్టు నున్నగా ఉంది. నాకు కోపం వచ్చింది. సీడీలో అసలుది ఉంది, మళ్ళీ వేయమన్నాను. భాయ్ ముఖం చిన్నబోయింది. శెట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉండనీలే. ఇప్పుడు ఎవురూ దీన్ని మచ్చ అనలేరు గదా."

ఆ ఫోటో పటం కట్టించి పరుపు వెనక గోడకు తగిలించాడు. మరుసటి ఏడు కింది ఇంట్లోనే పది మెగాపిక్సెళ్ళ కెమెరా కొన్నాడు. దానితో పావురం కంటి వలయం స్పష్టంగా వచ్చింది. నేను షాపులోకి అడుగుపెట్టగానే, ఊరంతా భయపడే మాటను ఆయన ఆశగా అడిగేవాడు. "బంద్ యామన్నా ఉండాదా?" ఆ తర్వాత రెండు బంద్‌లు వచ్చాయి. మొదటిదానికి నాకు డ్యూటీ పడింది. రెండోదానికి వెళ్ళాం. వాచరు మమ్మల్ని గుర్తుపట్టి, ఈ ఏడు ఒక్కటీ కనపడలేదని చెప్పి, టీ ఇచ్చి పంపాడు.

నాకు కడపకు బదిలీ అయినప్పుడు చెప్పిపోదామని షాపుకు వెళ్ళాను. పత్తికొండ వైపు రైతు ఒకాయన తాడు కొనడానికి వచ్చి ఉన్నాడు. గోడ వైపు చూశాడు.

"ఏంది శెట్టీ, గడ్డి ఫోటో పెట్టుకున్నావు? నీ చేనా?"

"కాదప్పా. బట్టమేకది."

"పిట్ట యాడుండాది?"

శెట్టి పరుపు మీద మోకాళ్ళ మీద లేచి, వెనక్కి తిరిగి, తడుముకోకుండా అద్దం మీద ఒకచోట వేలు పెట్టాడు. అది డాక్టరు చూపిన చోటూ కాదు, లెక్చరరు చూపిన చోటూ కాదు.

రైతు దగ్గరికి వచ్చి కళ్ళు చిట్లించి చూశాడు. "ఆఁ, ఉండాది, ఉండాది" అన్నాడు.

శెట్టి వేలు తీసి, తాడు చుట్ట ముందుకు లాక్కున్నాడు.

"ఎన్ని బారలప్పా?"