రొయ్య పొట్టు వడియాలు

ఆ రోజుల్లో నేను శాస్త్రవేత్తనని నమ్మినవాళ్లు ప్రపంచంలో ఇద్దరే ఉండేవారు. ఒకరు మా నాన్న, రెండోవాణ్ని నేను. మా నాన్నకి కొడవలూరు దగ్గర కాస్త వరి పొలం ఉంది, కొడుకు చదువు మీద పొలం కంటే ఎక్కువ నమ్మకం ఉంది. నేను నెల్లూరులో ఒక కాలేజీ ప్రయోగశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరిన మర్నాటి నుంచే ఆయన ఊళ్లో "మావోడు గాయాలకి కట్టు కనిపెడతా ఉండాడు" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ కట్టు రొయ్యల పొట్టులోంచి రావాలనీ, అందుకోసం నేను వారానికోసారి వాకాడు వెళ్లి రెండు బకెట్ల పొట్టు బస్సులో మోసుకొస్తాననీ మాత్రం ఆయన ప్రస్తావించలేదు, అంతే. (బస్సులో నా పక్క సీటు ఎంత రద్దీలోనైనా ఖాళీగా ఉండేది. విజ్ఞానం పట్ల జనానికున్న గౌరవం అనుకునేవాణ్ని.)

పని చెప్పుకోవడానికి తేలికే. పొట్టుని యాసిడ్‌లో నానబెడితే అందులోని సున్నం పోతుంది, కాస్టిక్ సోడాలో కాస్తే మిగతా మాంసం పోతుంది, ఇంకా ఘాటు సోడాలో ఇంకోసారి కాస్తే కైటోసాన్ అనే తెల్లటి పొడి మిగులుతుంది. దాన్ని వెనిగర్ లాంటి పల్చటి యాసిడ్‌లో కలిపితే గంజిలా అవుతుంది. ఆ గంజిని గాజు పళ్లెంలో పోసి ఆరబెడితే పల్చటి రేకు తయారవుతుంది, అది తగిలిన చోట బ్యాక్టీరియా బతకడానికి ఇష్టపడదు. ఇదంతా కాగితం మీద. నా చేతిలో మాత్రం రేకు తయారయ్యేది గానీ పళ్లెం వదిలేది కాదు. బ్లేడుతో గీకితే ముక్కలుగా వచ్చేది. నాలుగు నెలలు కష్టపడి నేను సాధించింది, గోరంత గాయాలు చాలా ఉన్నవాడికి మాత్రమే పనికొచ్చే కట్టు.

మా ప్రయోగశాల నడిపే మేడం తిట్టే మనిషి కాదు. "అలాగా" అనేవారు. ఆ ఒక్క మాటకి ఒక పూట అన్నం సహించేది కాదు. ఒక బుధవారం ఆవిడ నన్ను పిలిచి, "సోమవారం ప్రాజెక్టుకి డబ్బులిచ్చే కమిటీ వస్తోంది. అరచేతి వెడల్పు రేకు ఒక్కటి, చిరగకుండా చూపించాలి. దానికింద బ్యాక్టీరియా పెరగలేదని కూడా చూపించాలి. లేకపోతే ప్రాజెక్టు ఆపేస్తారు" అన్నారు. ప్రాజెక్టు ఆగితే నేనూ ఆగుతాను. మా మేనమామ ఎరువుల కొట్లో నా కోసం ఒక కుర్చీ అప్పటికే తుడిచి ఉంచాడని నాకు సమాచారం ఉంది.

గురువారం పొట్టు కోసం వాకాడు వెళ్లాను. అక్కడి రొయ్యల షెడ్డులో వలిచే ఆడవాళ్ల మీద పెత్తనం చేసే ఆవిడని అందరూ మేస్త్రక్క అంటారు. నలభై మంది చేతులు ఆడుతుంటే అందులో ఏ చెయ్యి ఆగిందో వెనక్కి తిరక్కుండానే చెప్పగలదు.

"ఏందబ్బయా, మా పొట్టు ఏం జేస్తుండావో ఇయ్యాలన్నా చెప్తావా? కోళ్ల మేతకని ఒకరు, చేపల మేతకని ఒకరు, పందెం కాస్తా ఉండారు."

"గాయాలకి కట్టు చేస్తున్నానక్కా."

షెడ్డులో చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. మేస్త్రక్క తన చూపుడు వేలు నా మొహం ముందు పెట్టింది. రొయ్య తలమీది ముల్లు గుచ్చుకున్న మచ్చలు ముగ్గుచుక్కల్లా ఉన్నాయి. "ఇట్టా పొడిచేది అదే, కట్టు కట్టేది అదేనా? అయితే పొడిచినోడి చేతనే మందు రాయిస్తావన్నమాట! మంచి న్యాయమే."

నవ్వులు ఆగాక, ఎందుకో గానీ, నా కష్టం చెప్పేశాను. గాజు పళ్లెం, అంటుకుపోవడం, బ్లేడు, సోమవారం. ఆమె శ్రద్ధగా విని, జాలిగా చూసింది.

"వడియాలు గాజు పళ్లెంలో పోసేటోళ్లని నేనేడా చూళ్లేదు. నీకెవురు చెప్పినారు? తడిపి పిండిన గుడ్డ మీద పొయ్యి. ఎండినాక గుడ్డ తిరగేసి ఎనకమాల నీళ్లు జల్లు. అదే ఊడొస్తాది."

"ఇది వడియం కాదక్కా. పాలిమర్."

"ఏదైనా గంజేగా?"

ఎమ్మెస్సీ చదివినవాణ్ని కాబట్టి చిరునవ్వు నవ్వి బకెట్లు ఎత్తుకున్నాను. గూడూరు దాటేదాకా ఆమె మాటకి జవాబు ఆలోచించాను. దాటాక మా అక్క కుట్టుపని చట్రాలు ఎన్నున్నాయో మనసులో లెక్కపెట్టుకున్నాను.

శుక్రవారం ఉదయం, ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని, ఆసుపత్రిలో కట్లకి వాడే పల్చటి నూలు గుడ్డని ఆవిరిలో శుద్ధిచేసి, మా అక్క కుట్టుపని చట్రాలు మూడింటికి బిగించి, వాటిమీద గంజి పోశాను. శనివారం మధ్యాహ్నానికి ఆరింది. ఒక చట్రం తిరగేసి వెనకమాల నీళ్లు చల్లాను. వడియం పిండి ఏం చేస్తుందో నాకు తెలీదు గానీ, నా గంజి మాత్రం ఆ నీళ్లన్నీ తాగేసి, జున్నులా ఉబ్బి, గుడ్డని ఇంకాస్త గట్టిగా వాటేసుకుంది. గోటితో లాగాను. చట్రం విప్పేసి పట్టకారుతో లాగాను. దారాలు కదిలాయి గానీ అది కదల్లేదు. సరిగ్గా అప్పుడే మేడం తలుపు తీశారు. నేను గుడ్డ పట్టుకున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"ఏంటది?"

"ఏం లేదు మేడం."

"ఏం లేనిది చేతికి అంటుకుందేం?"

నిజమే, అరచేతిని కూడా వాటేసుకుంది. ఆవిడ దాన్ని మెల్లిగా ఒలిచి, కిటికీ వెలుతురులో పట్టుకుని, నాలుగు మూలలూ లాగి చూశారు. చిరగలేదు. నేను "అలాగా" కోసం సిద్ధపడ్డాను.

"దీన్ని గుడ్డ నుంచి ఎందుకు ఊడదీస్తున్నావు?"

"వడియం… అంటే, రేకు విడిగా కావాలి కదా మేడం."

"కట్టులో గుడ్డ ఉంటే తప్పేంటి?"

నాలుగు నెలలుగా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నేనూ అడుక్కోలేదు. కట్టు అంటేనే గుడ్డ అని కొడవలూరులో పశువుల డాక్టరుకి కూడా తెలుసు.

ఆ సాయంత్రమే మిగతా రెండు చట్రాల్లోని గుడ్డల్ని, గంజిలో మిగిలిన యాసిడ్ విరిగేలా, పల్చటి కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి, కడిగి, ఆరబెట్టాం. ఇప్పుడు తడిపినా ఉబ్బలేదు, కరగలేదు. ఆదివారం బ్యాక్టీరియా పూసిన పళ్లేల్లో మూడు రకాల ముక్కలు పెట్టాం. ఉత్త గుడ్డ ఒకటి, యాసిడ్‌లో ముంచి కడిగిన గుడ్డ ఒకటి (చంపింది యాసిడేమో అని కమిటీ అడక్కుండా), మా గుడ్డ ఒకటి. సోమవారం పొద్దున కమిటీ ముందే మూతలు తీశాం. మొదటి రెండు ముక్కల కింద బ్యాక్టీరియా నారుమడిలా ఒత్తుగా పెరిగింది. మూడోది ఎత్తితే, కింద అద్దంలా ఉంది. కమిటీలో పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. "అలాగా" అనే మా మేడమే ఆ రోజు నా వీపు తట్టారు. ప్రాజెక్టు నిలబడింది. మేనమామ కుర్చీ మీద మళ్లీ దుమ్ము పడింది. పద్ధతి పేరేమని రాయాలో తోచక నేను నివేదికలో ఒక పొడవాటి ఇంగ్లీషు మాట రాస్తే, మేడం దాన్ని కొట్టేసి 'వడియాల పద్ధతి' అని తెలుగులో రాశారు.

మర్నాడే ఒక ముక్క పట్టుకుని వాకాడు పరిగెత్తాను. మేస్త్రక్క తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో అంచు లాగి చూసింది.

"ఊళ్లేదే!"

"ఊడకపోవడమే గెలుపక్కా!" అని మొదలుపెట్టి పావుగంట చెప్పాను. గుడ్డ, కమిటీ, మూడు పళ్లేలు, పెద్దాయన కళ్లజోడు. షెడ్డంతా పని ఆపి వింది. అంతా అయ్యాక ఆమె ఆ ముక్కని నా చేతిలో పెట్టింది.

"నీళ్లు ఎక్కువ జల్లుంటావు. పర్లేదులే అబ్బయా, మొదుట్లో అందురికీ ఇట్టానే అవతాది. మళ్లీ పొయ్యి."

తలూపి, ముక్కని జేబులో పెట్టుకున్నాను. అయినా నా విజయం ఒక్క చుక్క కూడా తగ్గలేదు. ఛాతీ విరుచుకుని బస్టాండుకి నడిచి, వచ్చిన మొదటి బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆ ముక్కని ఎండకి పట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను. అది నెల్లూరు బస్సు కాదని నాయుడుపేటలో దిగేదాకా గమనించలేదు. ఇప్పుడు నేను బోర్డు రెండుసార్లు చదివి, కండక్టర్ని కూడా అడిగి, సరైన బస్సే ఎక్కుతాను. ఎటు పోతున్నానో మర్చిపోయేంత సంతోషం మాత్రం మళ్లీ ఏ బస్సులోనూ దొరకలేదు.