కాగితం అంచు దాటిన గీత

తోడికోడలికి కుర్చీ ఇస్తారేమోనన్న మాట చెవిన పడ్డప్పటి నుంచీ పెద్దకోడలికి అన్నం సయించడం లేదు.

చూడబోతే అదేమంత గొప్ప కుర్చీ కాదు. ఇనప కాళ్ళు, చిరిగిన రెగ్జిను సీటు. కాటాలు తయారుచేసే ఆ కార్ఖానాలో, స్ప్రింగులు పరీక్షించే గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటుంది. అందులో కూర్చున్న మనిషి గ్రాఫు చూసి ఒక్కో రకం స్ప్రింగుకూ సమీకరణం రాస్తుంది. మిగతా ఆడవాళ్ళంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, కొక్కేలకు వేలాడే పళ్ళేల్లో బరువులు పెడుతూ, స్ప్రింగు ఎంత సాగిందో చెబుతూ ఉంటారు. అలా నిలబడీ నిలబడీ పెద్దకోడలి పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాయి. చిన్నకోడలు నిన్నగాక మొన్న చేరింది.

అసలు ఆ పిల్ల ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ అంతే. గాలి వచ్చే గది ఆమెకే దక్కింది. అత్త ఈమెను "ఒసే" అంటుంది, ఆమెను "అమ్మాయ్" అంటుంది. ఆమె పది దాకా చదువుకుంది. ఈమెను ఏడులోనే బడి మాన్పించి తమ్ముణ్ణి ఎత్తుకోమన్నారు. ఇప్పుడు కుర్చీ కూడానా అని పెద్దకోడలు కుతకుత ఉడికిపోయింది.

కుర్చీలో కూర్చునే ఆవిడ పని మానేయడంతో మేస్త్రి చదవడం రాయడం వచ్చిన ఈ ఇద్దరినీ పిలిచి బల్ల దగ్గర నిలబెట్టి నేర్పాడు.

"అడ్డంగా బరువు, నిలువుగా పొడవు. చుక్కలన్నీ కలిపితే తిన్నటి గీత వస్తుంది. ఆ గీత నిలువు గీటును ఎక్కడ తాకిందో చూడండి. బరువు లేనప్పుడు స్ప్రింగు పొడవు అది. తర్వాత, కిలో పెరిగితే గీత ఎంత పైకెక్కిందో చూడండి. అది వాలు. వాలును బరువుతో గుణించి, మొదటి పొడవు కలపండి. సమీకరణం అంటే ఇంతే."

పెద్దకోడలు ఆ మాటలు వంట చేస్తూ, గిన్నెలు తోముతూ వల్లెవేసింది. పరీక్ష రోజు మేస్త్రి ఇద్దరికీ ఒకే స్ప్రింగు గ్రాఫు ఇచ్చాడు. రెండు కిలోల దగ్గర పద్దెనిమిది సెంటీలు, ఆరు కిలోల దగ్గర ముప్పై. నాలుగు కిలోలకు పన్నెండు పెరిగింది కనక, కిలోకి మూడు. గీత ఎడమ అంచును పద్దెనిమిది దగ్గర తాకుతోంది. ఇంకేముంది. పొడవు అంటే బరువుకు మూడు రెట్లు, దానికి పద్దెనిమిది కలిపితే సరి. చకచకా రాసేసి ఓరకంట పక్కకు చూసింది.

చిన్నకోడలు కాగితానికి ఎడమ పక్కన ఇంకో కాగితం ముక్క అతికించి, స్కేలు ఆనించి గీతను కిందికి పొడిగిస్తోంది. పెద్దకోడలి ప్రాణం లేచొచ్చింది.

"మేస్త్రీ, మా ఇంటి మహాతల్లిని చూడండి. ఇచ్చిన కాగితం చాలక అతుకులేస్తోంది. ఇంట్లోనూ ఇదే వరస. నేను ఉప్పేసిన కూరలో మళ్ళీ ఉప్పేస్తుంది."

గదంతా నవ్వింది. చిన్నకోడలు తల ఎత్తకుండానే, "నువ్వు తక్కువేస్తే నేను వెయ్యక ఏం చెయ్యను అక్కా" అంది. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

మేస్త్రి రెండు కాగితాలూ చూశాడు. ఇద్దరికీ వాలు మూడే. కలపాల్సిన పొడవు దగ్గరే తేడా. పెద్దామెది పద్దెనిమిది, చిన్నామెది పన్నెండు. ఆయన ఆ స్ప్రింగును కొక్కెం నుంచి తీసి, బల్ల మీద పడుకోబెట్టి స్కేలు పెట్టాడు. పన్నెండు.

ఆ గదిలో బరువులు పెట్టే ఇనప పళ్ళెమే రెండు కిలోలుంటుంది. పళ్ళెం తగిలించకుండా ఎవరూ ఏ స్ప్రింగునూ కొలవరు. అందుకే అక్కడ అచ్చువేసిన గ్రాఫు కాగితం మీద అడ్డగీటు సున్నాతో కాక రెండుతో మొదలవుతుంది. రోజూ చూసే కాగితమే కనక ఆ రెండు అంకె పెద్దకోడలి కంటికి ఆనలేదు. ఆమె చదివింది పళ్ళెం బరువుకు సాగిన పొడవు. ఏ బరువూ లేని పొడవు కావాలంటే గీతను అంచు దాటించి సున్నా దాకా తీసుకుపోవాలి.

మర్నాడు చిన్నకోడలు కుర్చీలో కూర్చుంది. పెద్దకోడలు కొక్కెం దగ్గర నిలబడింది. నిలబడ్డదన్న మాటేగానీ చూపంతా కిటికీ వైపే.

"అక్కా, మధ్యాహ్నం దాకా నువ్వు కూర్చో. నేను బరువులు పెడతాను," అంది చిన్నకోడలు మెల్లిగా.

"నీ దయ నాకేం అక్కర్లేదు."

ఆ మాటనడమైతే అంది గానీ, పిక్కలు మాత్రం సలుపుతూనే ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఒకే కుర్చీ వేసి తమాషా చూసేవాడిని ఎవరూ తిట్టరు. వాళ్ళిద్దరే ఒకరినొకరు తిట్టుకుంటారు. పెద్దకోడలు కూడా ఆ పొద్దంతా మనసులో తోడికోడలినే తిట్టింది. తిట్లు అయిపోయాయి, మంట మాత్రం చల్లారలేదు. అప్పుడు గది మూల ఖాళీ బరువుల పెట్టె కనిపించింది. దాన్ని బరబరా ఈడ్చుకొచ్చి, బోర్లించి, కొక్కెం ముందు కూర్చుంది. పళ్ళెం చేతికి చక్కగా అందింది. స్ప్రింగు పక్కన కొలబద్ద కళ్ళకు సూటిగా ఉంది.

మేస్త్రి గబగబా వచ్చాడు. "లే. బరువులు పెట్టేవాళ్ళు కూర్చోవడం ఇక్కడ ఎప్పుడూ లేదు."

"ఏం, కూర్చుంటే స్ప్రింగు సాగనంటోందా?"

"పరీక్షలో తప్పావు కదమ్మా. కుర్చీ నీకు రాలేదు."

"సమీకరణం నేను తప్పు రాశాను. నా కాళ్ళేం తప్పు చేశాయి?"

మేస్త్రి పక్క గదిలో ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదని అందరికీ తెలుసు. ఈ చివర ఒకామె, ఆ చివర ఒకామె ఖాళీ పెట్టెల కోసం వెతకడం మొదలుపెట్టారు. కిటికీ దగ్గర నుంచి చిన్నకోడలు నవ్వుతూ చూసింది. పెద్దకోడలు నవ్వలేదు.

బరువు పెట్టి, పొడవు చెప్పి, మళ్ళీ ఆ కుర్చీ వైపే చూసింది. దానికి వీపు ఆనించుకోవడానికి ఉంది. ఈ పెట్టెకు లేదు. చల్లారబోతున్న కడుపుమంట మళ్ళీ భగ్గుమంది.