టేపుకు అంటని మెరుపు

తిరువూరు బస్టాండు పక్కన కొత్త కొట్టు తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే రత్నకుమారి మేడమ్ గుర్తొచ్చారు. హైదరాబాదులో ఓ ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి వచ్చి, గంపలగూడెం రోడ్డులో రేకుల షెడ్డు తీసుకుని, మోటారుసైకిల్ లైట్లలో ఉండే ప్లాస్టిక్ డిప్పలకు అద్దంలాంటి మెరుపు ఎక్కించే యూనిట్ పెట్టారావిడ. డిగ్రీ చదివి పెనుగొలనులో ఖాళీగా ఉన్న నాకు అదే మొదటి ఉద్యోగం. డిప్పలకు వార్నిష్ పట్టించి, ఆరాక పెద్ద ఉక్కు పీపాలాంటి యంత్రంలో వేలాడదీసేవాళ్ళం. లోపలి గాలంతా తోడేశాక అల్యూమినియం తీగ కాగి ఆవిరయ్యేది. ఆ ఆవిరి ప్లాస్టిక్ మీద వాలి, ఊహకందనంత పలచగా పొర కట్టేది. తలుపు తీసేసరికి నల్లటి డిప్పలన్నీ వెండిలా మెరుస్తుంటే, రోజూ చూసేదే అయినా అందరం చుట్టూ మూగేవాళ్ళం.

వానలు మొదలవగానే ఆ మెరుపు ఊడిపోసాగింది. పరీక్ష కోసం టేపు అంటించి లాగితే పొరంతా టేపుకే వచ్చేసేది. సరుకు కొనే విజయవాడ కంపెనీ మేనేజరు వచ్చి చూసి, "ఈ పని ఇక్కడ కుదరదులెండి మేడమ్. వచ్చే వారం దాకా చూస్తాను," అని వెళ్ళిపోయాడు. పొర మందం పెంచి చూశాం. ఇంకా పెచ్చులుగా లేచింది. మేడమ్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, అందరికన్నా కొత్తదాన్నయిన నన్ను ముందు అడిగారు.

"నువ్వేమంటావమ్మా?"

"తప్పయితే ఏమీ అనుకోకండి మేడమ్. ప్లాస్టిక్కే చెమ్మ పీల్చుకుంటోందేమో."

"అయితే ఏం చేద్దాం?"

"వార్నిష్‌కి ముందు ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెడదామండి. ఆ తర్వాత కూడా బయటి గాలి తగలనివ్వకుండా యంత్రంలోకి ఎక్కిద్దాం."

ఆవిడ మిగతావాళ్ళ వైపు తిరిగారు. "రేపు మిగతా పనంతా ఆపండి. ఈ అమ్మాయి చెప్పినట్టు చేద్దాం," అన్నారు. మర్నాడు డిప్పలన్నీ నేనే దగ్గరుండి ఓవెన్‌లో పెట్టించాను.

మేనేజరు మళ్ళీ వచ్చినప్పుడు తనే టేపు అంటించి, గోటితో గట్టిగా రుద్ది, లాగాడు. టేపుకు ఏమీ అంటలేదు. ఇంకో డిప్ప తీసుకున్నాడు, మరొకటి తీసుకున్నాడు. పొర చెక్కుచెదరలేదు.

"ఎలా చేశారండీ?" అన్నాడు మేడమ్ వైపు తిరిగి.

ఆవిడ నా భుజం పట్టుకుని ముందుకు జరిపారు. "కనిపెట్టింది ఈ అమ్మాయండి. తననే అడగండి."

షెడ్డంతా చప్పట్లు, ఈలలు. ఆర్డరు నిలబడింది. ఏడాది తిరక్కుండా రెండో యంత్రం దిగింది.

మేడమ్ పోయి కొంతకాలమైంది. ఆ యూనిట్ ఇప్పుడు నేనే నడుపుతున్నాను. మేడమ్ నన్ను ముందుకు జరిపిన ఆ రోజు దాకా, పదిమందిలో నోరు విప్పాలంటే ఎవరో ఒకరి వెనక్కి తప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎంత పెద్ద కంపెనీవాళ్ళొచ్చినా, నా పని గురించి తలెత్తుకుని నేనే చెబుతాను.