జపాన్ బొమ్మ కింది అంచు

జపాన్ ఓడలు ఇనుప ఖనిజం కోసం మా హార్బరుకు వరసగా వస్తున్న రోజులవి. నేను ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాను. ఓడవాళ్ళతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడగలిగినందుకే నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఒకసారి ఓడ ఇంజనీరు ఒకాయనకు బజారులో కావలసినవి కొనిపెట్టానని నాకొక బొమ్మ ఇచ్చాడు.

వానలో వాళ్ళ ఊరి వీధి. చెక్క వంతెన మీద గొడుగులు, కావిడితో చేపల బుట్టలు మోస్తూ ఒకడు, దుకాణం అరుగు మీద చెప్పుల నీళ్ళు దులుపుకుంటూ ఒక ఆడమనిషి. మా ఊరి పూర్ణా మార్కెట్టులో రోజూ కనబడే జనమే. అలాంటివాళ్ళను నేను కన్నెత్తి చూసేవాణ్ణి కాదు. విదేశీ బొమ్మలో ఉన్నారు గనక తెగ మెచ్చుకున్నాను. కింద తెల్లటి అంచులో నల్లటి అక్షరాలు, పక్కన ఎర్ర ముద్ర ఉన్నాయి. అది గీసినవాడి సంతకమని ఆఫీసులో అందరికీ చెప్పాను. అలాగని నాకెవరూ చెప్పలేదు.

మార్కెట్టు వెనక సందులో ఒక ముసలి సాయిబు పటాలు కట్టేవాడు. ఆయన చేతిలో కాగితం నలగదని పాత ఊరంతా పేరు. ఆ పేరే ఆయన బతుకు. ఫ్రేము కట్టమని నేనిచ్చిన బొమ్మను వెనక్కి తిప్పి వేలితో తడిమాడు.

"సెక్క అచ్చు బాబూ ఇది. రంగు ఎనక్కి దిగింది సూడండి."

చెక్క దిమ్మతో అద్దిన బొమ్మ అన్న సంగతి నాకు తెలీదు. తెలిసినట్టే తలూపాను.

నాలుగో రోజు వెళ్తే టేకు చట్రంలో బొమ్మ సిద్ధంగా ఉంది. కింది అంచు లేదు.

క్యాలెండరు దేవుళ్ళకు ఫ్రేము కట్టించడం మనకు అలవాటే కదా. లక్ష్మీదేవి పాదాల కింద బట్టల కొట్టు పేరు ఎవరికి బాగుంటుంది? అందుకని అడక్కుండానే ఆ ముక్క కోసేయడం పటాలు కట్టేవాళ్ళ మర్యాద.

"కొట్టు పేరు లాగుంది బాబూ, కోసీసినాను" అన్నాడు, నేను మెచ్చుకుంటాననుకుని.

అప్పటిదాకా మీరు అంటున్నవాణ్ణి నువ్వులోకి దిగాను. పెళ్ళి ఫోటో తెచ్చిన దంపతులు, ఎదురు కొట్టువాళ్ళు వింటుండగా, "చదువు రానోడివి, నీకు కత్తెందుకు?" అన్నాను.

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. చెత్తబుట్ట బోర్లించి ముక్కలన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాడు. మోకాళ్ళ మీద పాకుతూ బల్ల కింద వెతికాడు. దొరకలేదు. ఆ దంపతులు ఫోటో వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు. దాచడమెందుకు, నాకు హాయిగానే ఉంది. ఆఫీసులో రోజూ తిట్లు తినేవాణ్ణి, తిట్టడంలో ఉన్న రుచి ఆ రోజే తెలిసింది.

కొన్ని నెలలకు అదే ఓడ మళ్ళీ వచ్చింది. సంతకం పోయిందని ఇంజనీరుకు చెప్పుకుని బాధపడ్డాను. ఆయన కాసేపు అర్థం కాక చూసి నవ్వాడు. సంతకం బొమ్మలోనే, వంతెన స్తంభం పక్కన సన్నగా ఉందట. కింద ఉన్నది బొమ్మ అమ్మిన కొట్టు పేరట.

మర్నాడే వెళ్ళి సాయిబుకు చెప్పాల్సింది. పది నిమిషాల నడక. సిగ్గేసి వెళ్ళలేదు. మూడేళ్ళు ఆ సందు తప్పించుకుని తిరిగాను.

నాన్న పోయాక ఆయన ఫోటో పట్టుకుని మా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని తిన్నగా ఆ కొట్టుకే నడిచింది. వద్దనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. ఫోటో కింద స్టూడియో పేరుంది, అది తీసేయమంది. ముసలాయన నావైపు చూశాడు. కత్తి, ఇనుప స్కేలు నా ముందుకు జరిపాడు.

"నాను కాయితం కొయ్యడం మానీసినాను బాబూ. సదువుకున్నోలు, మీరే కొయ్యండి."

తప్పు నాదేనని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. పక్కన మా ఆవిడ ఉంది. కత్తి అందుకున్నాను. స్కేలు పెట్టి కోశాను. కత్తి పక్కకు జారింది. ఫోటోలో ఒళ్ళో పెట్టుకున్న నాన్న చేతివేళ్ళు రెండు తెగిపోయాయి.

ముసలాయన ఫోటో అందుకున్నాడు. దాన్ని అలాగే చట్రంలో బిగించి, అద్దం తుడిచి నా చేతికిచ్చాడు.