ఒక మూత మందు, అర మూత కొసరు

నా బేరాల పిచ్చి ఒక ఎద్దు బతుకును, ఒక మామ దుక్కిని, చివరకు నా మొహాన్ని ఎలా పాడు చేసిందో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటే. నవ్వీ నవ్వీ దగ్గు వస్తే మాత్రం, నేను చేసినట్టు చేయకండి.

మాది తిరుత్తణి దగ్గర కనకమ్మ సత్రం అనే ఊళ్ళో మళిగె కొట్టు. ఉప్పూ పప్పూ బెల్లం అమ్ముకునే కుటుంబం. మా నాన్న తూకం సరిగ్గా వేసి, ఆ పైన కొసరు వేసేవాడు: బెల్లం మీద ఇంకో పెచ్చు, చింతపండు మీద ఇంకో చిటికెడు. కొసరు వేయని కొట్టును మేం కొట్టనే అనం. నేను ఇంకో అడుగు ముందుకు పోయాను. కొసరు రాబట్టకపోతే ఆ వస్తువు కొన్నట్టే ఉండేది కాదు నాకు. తిరుత్తణికి టిక్కెట్టు కొని, తిరుత్తణి దాటాక ఇంకో స్టాపు కొసరు వెయ్యమని కండక్టరును అడిగిన ఘనుణ్ణి.

అది డెబ్బైల చివర. నాకు ఇరవై మూడేళ్ళు. ఆస్తి రెండే: నోరు, మీసం. బేరం బిగిసినప్పుడు మీసం ఒకసారి మెలితిప్పితే అవతలివాడు దిగొస్తాడని నా నమ్మకం. ఎవడూ దిగిరాలేదు, అది వేరే సంగతి.

ఆ ఏడు పక్క పల్లెలో ఉండే మా చెంగల్రాయ మామ ఎద్దు ఒకటి చచ్చిపోయింది. మిగిలింది దాపటెద్దు, అంటే కాడికి ఎడమ పక్క కట్టేది. కుడి పక్కకు అలవాటైన వలపటెద్దు కావాలి. ఏళ్ళ తరబడి ఒక పక్క లాగిన ఎద్దు ఇంకో పక్కకు రమ్మంటే రాదు. ఆ విషయంలో ఎద్దులు మా నాన్న లాంటివి.

మామ వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. "వాన పడింది. భూమి పదును మీదుండాది. ఒంటెద్దుతో ఏం దున్నేది రా? రేపు తిరువళ్ళూరు సంతకి నువ్వే రావాల. నాకు నోరు లేదు."

"నేనుండంగా నీకేం మామా" అనబోయాను. "నేను" దగ్గరే దగ్గు అందుకుంది.

నాలుగు రోజులుగా పొడిదగ్గు. మామ వెంట వచ్చిన కన్నెమ్మత్త నా వైపు చూసింది. "నువ్వు బేరం చేసేకి పోతావా, సంతలో కుక్కలకి జవాబు చెప్పేకి పోతావా?"

అత్త ఎగతాళిలో న్యాయం ఉంది. మా పక్క సంతల్లో ఎద్దు బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి మీద తువ్వాలు కప్పుకుంటారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. తువ్వాలు తీశాక మాట మార్చడానికి లేదు. దగ్గి ఒక వేలు జారిందంటే మామ కొంప జారినట్టే.

అందుకని ఆ సాయంత్రమే తిరుత్తణి పోయి మందుల షాపు ఎక్కాను. షాపాయన దగ్గు మందు సీసా ఇచ్చి చెప్పాడు. "ఒక మూత. దినానికి మూడు తూర్లు. దాని మీద చుక్క వద్దు. మత్తుగా ఉంటాది."

"కొసరు?"

"మందుకు కొసరేందప్పా!"

"బెల్లానికుండేది మందుకెందుకుండదు?"

"ఇది పాకం కాదు సామీ. సీసా మీద చీటీ ఉండాది, చదువుకో పో."

చదవలేదు. అంత సన్న అక్షరాలతో రాశాడంటే ఏదో దాస్తున్నాడని వ్యాపారస్తుల పిల్లాడి అనుమానం. పైగా కొసరు లేదన్న కోపం ఒకటి. ఎదుటి వీధి షాపుకు పోయి, ఇంకో రకం దగ్గు మందు కొని, రెండు జలుబు మాత్రలు కొసరుగా రాబట్టాను. మొదటి సీసా సంగతి ఆయనతో అనలేదు. ఒక కొట్టు సరుకు ఇంకో కొట్టులో చూపించడం మర్యాద కాదట! ఆ మర్యాద మండిపోను.

పొద్దున్నే మోతాదు నిర్ణయించాను. అమ్మేవాడు మొదట చెప్పిన మాట ఎప్పుడూ నిజం కాదు గదా? ఒక మూత అన్నాడంటే ఇంకొంచెం ఇముడుతుంది. మొదటి సీసాలో ఒక మూత, కొసరు అర మూత. రెండో సీసాకు అన్యాయం చేయకూడదని అందులోనూ అంతే. చేతిలో ఉన్నాయి కదా అని మాత్రలు రెండూ.

దగ్గు ఆగింది. అబద్ధమెందుకు, తక్షణం ఆగింది. దాని వెనకే తక్కినవన్నీ ఒక్కొక్కటిగా ఆగడం మొదలుపెట్టాయి.

"బస్సు ఎంత మెత్తగా పోతాంది మామా!"

"బస్సింకా కదల్లేదు రా."

ఇక్కణ్ణించి చెప్పేదంతా నేను విన్నదే. చూసే స్థితిలో లేను.

సంతలో మామ ఒక ఎర్ర వలపటెద్దును ఎంచుకున్నాక, దాన్ని అమ్మే మునుసామి అనే వ్యాపారి ఎదురుగా నన్ను కూర్చోబెట్టారు. తువ్వాలు కప్పారు. నేను కళ్ళు మూశాను.

"మనసులో లెక్కేస్తాండాడు" అని మామ చుట్టూ ఉన్నవాళ్ళకు గొప్పగా చెప్పి, నాకు టీ తేవడానికి పోయాడు.

మునుసామి నా వేళ్ళు పట్టాడు. నేను గురక పెట్టాను. అది తిరస్కారమనుకుని ఒక వేలు తగ్గించాడు. మళ్ళీ గురక. మళ్ళీ తగ్గించాడు. చివరకు విసిగి, "ఎర్రది ఈ ధరకి రాదప్పా. ఆ తెల్లది తోలుకో. అది దాపటిది, ముందే చెప్తాండా. సమ్మతమా?" అన్నాడు.

నా తల ముందుకు వాలింది. తువ్వాలు తీసేశారు.

నా జీవితంలో అంత బాగా ధర తగ్గించిన బేరం ఇంకోటి లేదు. నేను లేకపోవడమే దానికి కారణం.

టీతో తిరిగొచ్చిన మామ, తెల్లది దాపటిదని తెలియకనే డబ్బు కట్టి, లారీ మాట్లాడి, ఎద్దును నిలబెట్టి, నన్ను దాని పక్కన పడుకోబెట్టి ఇల్లు చేర్చాడు. అత్త మొహాన నీళ్ళు కొట్టింది, చెంపలు వాయించింది. నేను కదల్లేదు. అప్పుడామె ఎగతాళి మాని, తిరుత్తణి కొండ వైపు చేతులెత్తి ఏడ్చిందట. పొద్దుగూకే ముందు కళ్ళు తెరిచేసరికి, డాక్టరయ్య నా జేబులోని రెండు సీసాలూ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రెండిట్లోనూ నిద్ర తెప్పించే మందే రా. ఆ మాత్రల్లోనూ అదే! ఇంకో మూత పడింటే దగ్గు కాదు, ఊపిరే నిలిచిపోయేది. ఎవురు చెప్పినారు ఇట్ల తాగమని?"

"కొసరు..." అన్నాను.

ఆయన కర్ర కోసం చూశాడు.

మర్నాడు మామ కాడి ఎత్తాడు. రెండు ఎద్దులూ నడిచి వచ్చి ఎడమ పక్కకే నిలబడ్డాయి. ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కుడి పక్క ఖాళీ. మామ కాడి దించి నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. వారం తర్వాత, పదును ఆరిపోతుండగా, ఆ నోరు లేని మనిషే సంతకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మునుసామి కడుపు పట్టుకుని నవ్వి, వలపటెద్దునిచ్చి తెల్లదాన్ని తీసుకున్నాడు. తువ్వాలు కూడా కప్పలేదట.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అత్త అసలు సంగతి చెప్పింది.

"నువ్వు లేస్తే చాలని తిరుత్తణి సామికి గుండు మొక్కుకున్నా."

"ఎవరి గుండు?"

"నాదా మరి?"

కొండ మీద గుండ్లు కొట్టే పెద్దాయన ముందు కూర్చున్నాను. బుద్ధి రావాలి కదా? రాలేదు. "ఎంత?" అన్నాను. చెప్పాడు. "తగ్గించు." "సామి పని, తగ్గించేది లేదు." "అట్లయితే కొసరన్నా వెయ్యి." ఆయన నా మొహం వంక పరీక్షగా చూసి, "సరి సామీ" అని తల మీద చెంబుడు నీళ్ళు పోశాడు. కళ్ళు మూసుకున్నాను.

తెరిచి అద్దం చూస్తే తల మీద జుట్టు లేదు సరే, మీసమూ లేదు!

"ఏం చేసినావయ్యా?"

"నువ్వడిగిందే సామీ. కొసరు."

ఆ కొండ మీద, ఆ మొహంతో ప్రమాణం చేశాను: చెప్పిన మూతకు మించి మందు చుక్క పోయను; ఒక మందు వాడుతూ ఇంకోటి కొంటే దాచను; సీసా మీది చీటీ ఎంత సన్నగా ఉన్నా చదువుతాను; కత్తి పట్టుకున్నవాణ్ణి కొసరు అడగను.